నడిమి తీగ

2023 ఏప్రిల్ 15, శనివారం. హిందూపురం, మా ఇల్లు.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, పెనుకొండ నుంచి వచ్చిన మా చెల్లెలు నాగరత్న, పెనుకొండలోనే పిల్లలకు సంగీతం చెప్పే ఆమె కూతురు సునంద, ధర్మవరం నుంచి వచ్చిన నా పాత స్నేహితుడు రామప్ప, పట్టుదారానికి పురి వేయడం ఆయన వృత్తి. మధ్యాహ్నం వచ్చిన బంధువులంతా భోజనాలు చేసి వెళ్లిపోయారు. నా భార్య జయమ్మ పోయి ఏడాది అయిన దినం అది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను. గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. బండి చివరి పెట్టెలో ఒక లాంతరు, ఒక కుర్చీ, ఒక మనిషి. సిగ్నల్ దొరక్క పెనుకొండ దాటాక ఎక్కడో ఆగిపోతే చుట్టూ వేరుశనగ చేలు, గుట్టలు తప్ప ఏమీ ఉండేవి కావు. తోటి గార్డులు రకరకాల కథలు చెప్పేవారు. నాకు ఒక్కటీ ఎదురుపడలేదు.

చూసింది చూసినట్టు రాయడం, చూడనిది రాయకపోవడం ఆ ఉద్యోగం నేర్పింది. ఆ అలవాటుతోనే ఇప్పటికీ రోజూ డైరీ రాస్తాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏం వండుకున్నాను, అంతే. అదే పద్ధతిలో ఇదీ రాస్తున్నాను.

ముందు ఆ వాద్యం గురించి చెప్పాలి.

దూరం నుంచి చూస్తే పిల్లల తంబుర అనుకుంటారు. మూడు తీగలు. కాడ నల్లటి చేవకర్ర. కింద గుండ్రంగా చిన్న పెట్టె, దానికి రెండు వైపులా కొండచిలువ తోలు బిగించి ఉంటుంది. పొలుసులు స్పష్టంగా కనిపిస్తాయి. మీటడానికి కొమ్ముతో చేసిన పెద్ద గోరు లాంటిది ఉంది, దాన్ని వేలికి తొడుక్కోవాలి. మా ఇంట్లో దాన్ని జపాన్ తంబుర అనేవాళ్లం. అది తంబుర కాదనీ, జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో వాయించే సన్‌షిన్ అనీ ఆ ఏడాదే సునంద వల్ల తెలిసింది.

మా నాయనది పరిగి దగ్గర పల్లె. పెద్ద యుద్ధం ముగిశాక జపాన్‌కు పంపిన పటాలంలో ఆయన ఆసుపత్రి పనివాడిగా వెళ్లాడు. ఆ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ముసలాయన ఒకాయన ఉండేవాడట. సొంత దీవి యుద్ధంలో కాలిపోతే అక్కడికి వచ్చి చేరినవాడు. సాయంత్రం పూట, ఆరేసిన దుప్పట్ల వెనక కూర్చుని దీన్ని వాయించేవాడు. నాయనకు చిన్నప్పటి నుంచీ భజనల పిచ్చి. పోయి పక్కన కూర్చునేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ముసలాయన కాడను చూపించి, తన గుండెను తాకి, చెయ్యి వెనక్కి, ఇంకా వెనక్కి ఊపేవాడట. తండ్రి, తాత, ముత్తాత అన్నట్టు. తోలు మారుతుంది, తీగలు మారుతాయి, కాడ మాత్రం తరం నుంచి తరానికి వస్తుందని నాయన అర్థం చేసుకున్నాడు.

పటాలం తిరుగు ప్రయాణమైన రోజు ముసలాయన రేవు దాకా వచ్చాడు. గుడ్డలో చుట్టిన ఈ వాద్యాన్ని నాయన రెండు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో గట్టిగా నొక్కాడు. ఏదో చెప్పాడు. నాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇచ్చేశాడా, దాచిపెట్టమన్నాడా? బతికినంత కాలం నాయనకు అది తేలలేదు. అందుకే ఆయన పోయే ముందు కూడా నాతో ఒకటే మాట.

"ఇది మనది కాదు రా. మన దగ్గర ఉండాది, అంతే. అడిగేటోళ్లు వస్తే ఇచ్చేయాల. అంతదాకా మాట్లాడిస్తా ఉండాల."

మా అవ్వకు మాత్రం ఇలాంటి అనుమానాలు లేవు. ఆమె దృష్టిలో ఇంటికొచ్చింది పాము. ప్రతి నాగుల చవితికీ దాన్ని పీట మీద పెట్టి తోలుకు పసుపు, కుంకుమ పెట్టేది. ఒకసారి పాలు కూడా పోయబోతే నాయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడట. తోలు చెడిపోతాదమ్మా అంటే, సచ్చిన పామైనా పామే కదప్పా అందట అవ్వ. చివరికి పసుపు వరకు ఒప్పందం కుదిరింది. ఆ పసుపు మరక పొలుసుల మధ్య ఇప్పటికీ ఉంది.

ఇక తీగల సంగతి. పాతవి తెగిపోతే నాయన ధర్మవరం తీసుకెళ్లాడు. చీరలకు పట్టుదారం పురి వేసే రామప్ప వాళ్ల నాయన, పోగులు కలిపి గట్టిగా పురి పెట్టి, గంజి పట్టించి, లావుగా ఒకటి, మధ్యరకం ఒకటి, సన్నగా ఒకటి చేసిచ్చాడు. అప్పటి నుంచి తీగలు ఆ ఇంటి నుంచే. తండ్రి తర్వాత రామప్ప చేస్తున్నాడు. బండి ధర్మవరంలో ఆగినప్పుడల్లా ఆయన ఇంటికి పోయేవాణ్ని. అలా కుదిరిన స్నేహం మాది.

నాయనకు తెలిసింది భజన తంబుర. అందువల్ల దీన్ని కూడా తంబుర లాగే శ్రుతి చేశాడు. మొదటి తీగ షడ్జమం, మూడోది పై షడ్జమం, నడిమి తీగ పంచమం. స, ప, స. మాకు అదొక్కటే తెలుసు. ఇంకో రకంగా చేయవచ్చని ఎవరికీ తోచలేదు.

ఆ నడిమి తీగ ఏనాడూ నిలబడలేదు.

సాయంత్రం పంచమానికి బిగిస్తే పొద్దున్నకు ఒక మెట్టు దిగి ఉండేది. ఇష్టమొచ్చినంత దిగడం కాదు. సరిగ్గా మధ్యమానికి దిగి అక్కడ ఆగేది. స, మ, స. ఎండాకాలమైనా అంతే, ముసురైనా అంతే. నాయన తీగను బిగించే బిరడాకు సుద్దపొడి పట్టించాడు, గుగ్గిలం రాశాడు. రామప్ప తీగ మార్చాడు. తర్వాత నేను హిందూపురంలో ఒక వడ్రంగి చేత నడిమి బిరడా కొత్తది చేయించాను. పక్క తీగలు ఎన్ని రోజులైనా కదలవు. నడిమిది మాత్రం రాత్రి గడిస్తే మధ్యమంలో ఉంటుంది.

దీన్ని మేం వింతగా ఎప్పుడూ అనుకోలేదు. కొన్ని ఇళ్లలో ఒక తలుపు సరిగా పడదు, అలాంటిదే అనుకున్నాం.

జయమ్మ కాపురానికి వచ్చాక శ్రుతి చేసే పని ఆమెదైంది. నాది తాళం వాయించే చెయ్యి. ఆమెది మంచి గొంతు. శనివారం శనివారం మా ఇంట్లో భజన జరిగేది. కరెంటుతో మోగే శ్రుతిపెట్టె కొని తెస్తే ఆమె దాన్ని పక్కన పెట్టేసింది. భజన ఉన్నా లేకున్నా రోజూ పొద్దున ఇల్లు ఊడ్చి, స్నానం చేసి, వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని నడిమి తీగ మీటేది. మధ్యమం పలికేది. అప్పుడు దాన్ని పలకరించేది.

"ఏమప్పా, రాత్రి మీ ఊరికి పోయొచ్చినావా? ఈడ నీకేం తక్కువ చేసినాము?"

అంటూ బిరడా తిప్పి పంచమానికి తెచ్చేది. నేను కాఫీ తాగుతూ వినేవాణ్ని. మాకు పిల్లలు లేరు. మా ఇంట్లో పొద్దున్నే మందలింపు వినే ప్రాణి ఆ తీగ ఒక్కటే.

జయమ్మ ఎక్కువ రోజులు మంచాన పడలేదు. ఛాతీలో నొప్పి అంది, ఆసుపత్రికి తీసుకెళ్లాను, తిరిగి మాట్లాడుతుందనుకున్నాను. కర్మలు ముగిసి అందరూ వెళ్లిపోయాక వాద్యాన్ని తీసి గుడ్డలో చుట్టాను. చుట్టే ముందు అలవాటు కొద్దీ నడిమి తీగ మీటాను. మధ్యమం. ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాన్ని పైకి తేవాలని నాకు అనిపించలేదు. తెచ్చి ఎవరికి వినిపించాలి? బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ బీరువాకు రెండు తాళంచెవులు. ఒకటి నా మొలతాడుకు ఉంటుంది. రెండోది జయమ్మ చీర కొంగుకు ఉండేది. ఆమె పోయిన రోజు నుంచి అదీ నా మొలతాడుకే ఉంది.

ఏడాది పాటు ఆ బీరువా తెరవలేదు. శనివారం భజన వేరే వాళ్లింటికి మారింది. మొదట్లో పిలిచారు, వెళ్లాను. ఎవరో శ్రుతిపెట్టె మీట నొక్కారు. తాళం వాయించి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. రేడియో పెట్టుకునేవాణ్ని. వంటకు బియ్యం ఎక్కువ పోసేసి, తర్వాత గుర్తొచ్చి సగం వెనక్కి తీసేవాణ్ని. ఇలాంటివి డైరీలో రాయలేదు.

సునంద ఆ వాద్యాన్ని ఫోటో తీసింది అంతకు ముందెప్పుడో. దాన్ని సంగీతం వాళ్ల గుంపులో ఎవరికో పంపిందట. అలా తిరిగి తిరిగి బెంగళూరులో ఉంటున్న ఒకావిడ దగ్గరికి చేరింది. ఆమె పేరు హిగా. ఒకినావా దీవి మనిషి, భర్త ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చింది. వాద్యం పేరు చెప్పింది ఆమే. కాడ వంపును బట్టి చాలా పాతదనీ, ఏ ఇంటి వాద్యానికి కాడ ఎలా ఉంటుందో గుర్తుపట్టే పెద్దలు తమ దీవిలో ఇంకా ఉన్నారనీ చెప్పింది. మీరు ఒప్పుకుంటే తీసుకెళ్లి ఆ ముసలాయన వంశం వాళ్లను వెతుకుతాను అంది.

సునంద ఇదంతా ఫోన్‌లో చెప్పింది. నాయన చెప్పిన అడిగేటోళ్లు ఇన్నేళ్లకు వచ్చారు. ఇవ్వను అనడానికి నా దగ్గర కారణం లేదు. నా తర్వాత దాన్ని చూసేవాళ్లూ లేరు, పాత సామాను బండికి వెళుతుంది. అయినా జయమ్మ చెయ్యి రోజూ తాకిన వస్తువు ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఏ చీరనైనా ఆమె ఎప్పుడో ఒకసారి కట్టేది. దీన్ని రోజూ ఒళ్లో పెట్టుకునేది.

ఇస్తానని చెప్పాను. ఏడాది దినం మరునాడు, ఆదివారం పొద్దున హిగా గారు హిందూపురం వచ్చేటట్టు కుదిరింది.

శనివారం బంధువులు వెళ్లాక, ఇంకా వెలుతురు ఉండగానే బీరువా తెరిచాను. ఏడాదిగా ముట్టుకోని వస్తువు కదా, తీగలు వేలాడుతుంటాయని, ఎండలకు తోలు పగిలి ఉంటుందని నా అంచనా. రామప్ప కొత్త తీగల చుట్ట తెచ్చుకుని సిద్ధంగా కూర్చున్నాడు. సునందకు వేరే ఆత్రం. ఆ వాద్యాన్ని దాని సొంత దీవిలో మామూలుగా ఎలా శ్రుతి చేస్తారో హిగా గారిని అడిగి తెలుసుకుంది. స, మ, స.

ఆ మాట విన్నాకే నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ ప్రతి రాత్రీ ఆ తీగ దిగి ఆగింది దాని సొంత చోటులో. బిరడా చెడ్డదని, దారం చెడ్డదని మేం తిట్టుకున్నాం. జయమ్మ సరదాగా అడిగిన ప్రశ్నకు అదే జవాబు. రాత్రి దాని ఊరికే పోయి వచ్చేది.

నడిమి తీగ మధ్యమంలో నిలబడి ఉండటం తన చెవులతో వినాలని సునంద గుడ్డ విప్పింది. తోలు పగల్లేదు. తీగలు వేలాడలేదు. మొదటిది మీటింది, కొంచెం దిగింది కానీ ఫర్వాలేదు. మూడోది కూడా అంతే. నడిమిది మీటి ఆగిపోయింది. మళ్లీ మీటింది. ఫోన్ తీసి స్వరం చూపించే దాన్ని పెట్టి ఇంకోసారి మీటింది.

"మామా, ఇది మ కాదు. ప."

నాకూ అది వినిపిస్తూనే ఉంది. రోజూ కాఫీతో పాటు విన్న స్వరం. నేను చుట్టిపెట్టినప్పుడు అది మధ్యమంలో ఉంది, ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. ఏడాది పాటు రెండు తాళంచెవులూ నా ఒంటి మీదే ఉన్నాయి.

రామప్ప వాద్యాన్ని తీసుకుని తీగను రెండు వేళ్ల మధ్య పొడవునా తడిమాడు. తానే చేసిన తీగ, పాతదే.

"దారం సడలొచ్చు నారాయణప్పా. దానంతట అది బిగుసుకోదు."

గాలిలో ఏదో మార్పు వల్ల బిగిసిందేమో అన్నాను. అట్లయితే మూడూ బిగుసుకోవాల గదప్పా, పక్కవి దిగితే నడిమిదొకటే ఎట్ల ఎక్కుతాది అన్నాడు. కొత్త తీగల చుట్టను తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

నాగరత్న వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెకు శ్రుతి తెలియదు, ఏం జరిగిందని అడిగింది. చెప్పాం. ఆమె ఆశ్చర్యపోలేదు.

"వదిన పెట్టినట్టే ఉండాది కదన్నా. ఇంకేం కావాల?"

అని గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది.

పొద్దున్నే వచ్చే ఆవిడకు వాద్యం దాని సొంత శ్రుతిలో కనిపిస్తే బాగుంటుందని సునంద అంది. నేను సరేనన్నాను. ఎలాగూ వెళ్లిపోయే వస్తువు, దాని ఊరి పద్ధతిలోనే వెళ్లనీ అనుకున్నాను. సునంద పక్క తీగలు సరిచేసి, నడిమి తీగను మధ్యమానికి దించింది. దించుతుంటే ఆ బిరడా మీద నుంచి నేను చూపు తిప్పుకోవలసి వచ్చింది.

తర్వాత ఒక పని చేశాను. సరుకు పెట్టెలకు సీలు వేసినప్పుడు, తర్వాతి స్టేషన్లో అది కదిలిందో లేదో చూడటం గార్డు పని. ఆ బుద్ధి పోలేదు. సుద్దముక్కతో నడిమి బిరడా మీది నుంచి పక్కనున్న చెక్క మీదికి నేరుగా ఒక గీత గీశాను. బిరడా కాస్త తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. సునంద నవ్వింది, మామా ఇది గూడ్సు బండి కాదు అంది. వాద్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవులు రెండూ మొలతాడుకే ఉంచుకున్నాను.

రామప్ప సాయంత్రం బండికి ధర్మవరం వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు హాల్లో పడుకున్నారు. నేను బీరువా ఉన్న గదిలోనే పడుకున్నాను. ఏ శబ్దమూ వినలేదు, ఏ కలా రాలేదు. ఆ ఏడాదిలో అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదటిసారి. ఇది కూడా ఉన్నదున్నట్టు రాయాలి కనుక రాస్తున్నాను.

పొద్దున నాగరత్న వాకిలి ఊడుస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. స్నానం చేసి, సునందను పిలిచి, ఆమె ఎదుటే బీరువా తెరిచాను.

సుద్దగీత విరిగి ఉంది. చెక్క మీది సగం ఉన్న చోటే ఉంది. బిరడా మీది సగం పక్కకు తిరిగింది. బిగించే వైపుకు.

సునంద మీటలేదు. నేనే మీటాను. పంచమం.

సునంద చేసి ఉంటుందా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. శ్రుతి చేయగలిగింది ఆమె ఒక్కతే. కానీ తాళంచెవులు రెండూ నా నడుముకే ఉన్నాయి. పైగా ఆమె ముఖం చూశాను. ఆ అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని బీరువాకు దూరంగా జరిగి నిలబడింది. ఆమె కూడా నా గురించి అదే ఆలోచించి ఉంటుంది. నేనే నిద్రలో లేచి చేశానా? నాకు బిరడా తిప్పడం రాదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అపశ్రుతే, జయమ్మ నవ్వేది.

తీగను మళ్లీ దించడానికి వ్యవధి లేదు. బండి వచ్చే వేళైంది. సునంద స్టేషనుకు వెళ్లి హిగా గారిని తీసుకొచ్చింది.

యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఇంగ్లీషులో చెబితే సునంద మాకు తెలుగులో చెప్పింది. ముందు వాద్యానికి తల వంచి నమస్కారం పెట్టి, తర్వాత మాకు పెట్టింది. కాడను కిటికీ వెలుతురులోకి తిప్పి చూసింది. తోలు మీది పసుపు మరక ఏమిటని అడిగింది. అవ్వ సంగతి సునంద చెప్పగానే హాయిగా నవ్వింది. ఇంత పొడి ఊళ్లో ఈ తోలు ఇన్నాళ్లు నిలవడం ఆ ముసలమ్మ పుణ్యమే అయి ఉంటుందంది.

కొమ్ము గోరు తొడుక్కుని తీగలు మీటింది. ఒకటి, రెండు. చెయ్యి ఆగింది.

సునంద కంగారుగా ఏదో చెప్పబోయి బిరడా వైపు చెయ్యి చాచింది. ఆమె వద్దన్నట్టు సైగ చేసింది. మళ్లీ ఒకసారి మీటి విని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

తమ దీవిలో మామూలు శ్రుతి వేరే. కానీ నడిమి తీగను ఒక మెట్టు పైకెత్తి వాయించే పద్ధతి కూడా ఉంది. అన్ని పాటలకూ కాదు. మనసైన మనిషి దూరమైతే ఇంట్లో మిగిలినవాళ్లు పాడుకునే పాటలకు అలా ఎత్తుతారు. ఇది తెలిసిన చెయ్యే ఇలా పెట్టగలదు. ఎవరు పెట్టారు?

సునంద నా వైపు చూసింది. నేను చెప్పాను. నా భార్య రోజూ ఇలా పెట్టేదని, నిరుడు పోయిందని, నిన్న సాయంత్రం మేం దించామని, పొద్దున్నకు ఇలా ఉందని. సుద్దగీత కూడా చూపించాను. నేను చెప్పింది చెప్పినట్టు సునంద ఇంగ్లీషులో చెప్పింది. హిగా గారు ఆ గీతను వేలితో తాకలేదు, వంగి చూసింది. నమ్మాననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. ఫోటో ఉందా అని అడిగింది.

జయమ్మ ఫోటోకు నిన్నటి పూలదండ ఇంకా ఉంది. దాని ముందు నేల మీద కూర్చుని, వాద్యాన్ని ఎదుట పెట్టుకుని, ఆమె తన భాషలో ఏదో చెప్పింది. ఇలాంటి వస్తువు ఇల్లు దాటేటప్పుడు తమ దగ్గర ముందు పోయినవాళ్లకు చెప్పుకుంటారట. బతికున్నవాళ్లను తర్వాత అడుగుతారట.

ఆ తర్వాత వాద్యం ఒళ్లోకి తీసుకుని ఒక పాట పాడింది. నడిమి తీగ ఉన్నచోటే ఉంచి పాడింది. గొంతు పెద్దది కాదు. ఒక మాట అక్కడా ఒక మాట ఇక్కడా విడివిడిగా పడుతున్నట్టుంది, మధ్యలో తీగ మాత్రం వినిపిస్తోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దుప్పట్ల వెనక కూర్చున్న నాయన గుర్తొచ్చాడు. నాగరత్న కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడాదిగా ఆ గదిలో పాట లేదు.

పాట అయిపోయాక ఆమె లేచి వచ్చింది. నేను చేతులు చాచి, తీసుకెళ్లండి అన్నట్టు చూపించాను. నాయన మాట నిలబెట్టడానికి అంతకు మించి నా దగ్గర బలం లేదు. ఆమె వాద్యాన్ని నా రెండు చేతుల్లో పెట్టింది. ఆ చేతుల్ని తన చేతులతో గట్టిగా నొక్కి ఏదో చెప్పింది.

రేవు దగ్గర నాయన చేతుల్ని ఎలా నొక్కారో ఆ రోజు నాకు తెలిసింది. ఆయన పక్కన అర్థం చెప్పేవాళ్లు లేరు. నా పక్కన సునంద ఉంది.

"ఈ తీగ దానంతట అది దిగిన రోజు కబురు చేయమంటున్నారు మామా. అప్పుడొచ్చి తీసుకుపోతారంట. అంతవరకు ఈడే ఉండనీమంటున్నారు."

ఆ మధ్యాహ్నం బండికి ఆమె బెంగళూరు వెళ్లిపోయింది. వాద్యాన్ని బీరువాలో పెట్టలేదు. జయమ్మ ఉన్నప్పుడు వేలాడిన పాత మేకుకే తగిలించాను.

జరిగింది ఇంతే. దీనికి నేను కారణం చెప్పలేను. దారం గురించి రామప్పను మళ్లీ అడిగాను, బిరడా గురించి వడ్రంగిని అడిగాను, నా గురించి డాక్టరును కూడా అడిగాను. ఎవరి జవాబూ ఆ సుద్దగీతకు సరిపోలేదు. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ మాట జయమ్మకు వాడాలంటే నోరు రాదు.

ఇన్నేళ్లూ ఒక్క రాత్రి కూడా నిలవని తీగ ఆ పొద్దున్న నుంచి దిగలేదు. దిగితే నాయన మాట నెగ్గుతుంది. దిగకపోతే నాకు తోడు. ఏది కోరుకోవాలో తెలియక ఏదీ కోరుకోవడం లేదు. రోజూ స్నానం చేసి వచ్చి కాఫీ పక్కన పెట్టుకుని నడిమి తీగ మీటుతాను. పంచమం పలుకుతుంది. అప్పుడు నేనే అడుగుతాను.

"ఏమప్పా, రాత్రి మీ ఊరికి పోలేదా?"